రాత్రి ఏం తిన్నావమ్మా?

నర్సమ్మ స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆమె అసలు పేరు ఆహ్వానపత్రంలో లేదు. రేపు అచ్చయ్యే పుస్తకంలోనూ ఉండదు. తన పేరు ఎక్కడా పెట్టవద్దని ఆమె బతికుండగానే పిల్లల దగ్గర మాట తీసుకున్నారట. పింఛనులో ఆమె మిగిల్చిన డబ్బుతో వాళ్ళు ఈ ఉపన్యాస నిధి పెట్టారు, అమ్మకిచ్చిన మాట కూడా దక్కించుకున్నారు. పల్నాడు మెట్ట ఊళ్ళల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఆరోగ్య సబ్‌సెంటర్ నడిపిన ఆమెను ఊళ్ళు ఏమని పిలిచాయో ఆ పిలుపే ఈ సభకు పేరయింది. నాకు తెలిసి ఆ చుట్టుపక్కల నర్సులు చాలామందే పనిచేశారు. నర్సమ్మ అంటే మాత్రం ఆమె ఒక్కరే.

1991లో నేను ఆ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరాను. సబ్‌సెంటర్లు తనిఖీ చేయడం నా పనుల్లో ఒకటి. మొదటిసారి ఆమె సబ్‌సెంటరుకు వెళ్ళిన రోజు బల్ల ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆరో నెల. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. నర్సమ్మగారు బీపీ పట్టీ చేతిలోకి తీసుకోలేదు, తూకం మీద నిలబడమనలేదు. మొదట ఒక మాట అడిగారు.

“రాత్రి ఏం తిన్నావమ్మా?”

“అన్నం.”

“అన్నంలోకి?”

ఆ అమ్మాయి తల దించుకుంది. “కారం.”

“ఇంట్లో అందరూ తిన్నాకా? ముందా?”

ఈసారి జవాబు రాలేదు. నర్సమ్మగారు రెట్టించలేదు. రిజిస్టరు తెరిచి, ఆ అమ్మాయి పేరున్న వరసలో, గళ్ళన్నీ అయిపోయాక మిగిలే సన్నని అంచున పెన్సిలుతో ఏదో గీసి, అప్పుడు లేచి తూకం దగ్గరికి తీసుకెళ్ళారు.

నేను రిజిస్టరు తిప్పి చూశాను. ప్రతి పేజీ అంచునా పెన్సిలు అక్షరాలు. ‘కా’, ‘చా’, ‘ప’, ‘ఆ’, ఎక్కడో ఒకచోట ‘గు’. కారం మెతుకులు, చారన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు. కొన్ని పేర్ల పక్కన అడ్డగీత. ఇదేమిటని అడిగితే, “అడ్డగీత ఉంటే ఏమీ తినకుండా పడుకుందని మేడం,” అన్నారు. పైఆఫీసు పంపిన రిజిస్టరులో ఇందుకు గడి లేదు కదా అన్నాను. “పైవాళ్ళ కోసం కాదు, నా కోసం రాసుకుంటున్నాను,” అన్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ అంచు గురించే.

అప్పటికి నేను చదువుకున్నది వేరు. గర్భిణి పరీక్ష అంటే బరువు, బీపీ, కాళ్ళకు నీరు, మూత్రంలో ప్రోటీను, రక్తం శాతం, పొట్ట ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు, ధనుర్వాతం సూది, ఐరన్ బిళ్ళలు. ఇవన్నీ కావలసినవే, ఒక్కటీ వదలరానిదే. ఇన్నిటిలోనూ ఆ మనిషి కడుపుకు ఏం పడుతున్నదన్న ప్రశ్న ఎక్కడుందో మాత్రం మాకెవరూ చూపించలేదు. ‘పౌష్టికాహారం తీసుకోవాలి’ అని ఒక వాక్యం చెప్పి పంపేవాళ్ళం. పాలు, గుడ్లు, పండ్లు, ఆకుకూరలు అని వల్లించేవాళ్ళం. కొనగలిగితే ఆమె మనం చెప్పేదాకా ఆగుతుందా?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చేరిన రెండో ఏడు ఒక గర్భిణికి రక్తంలో హిమోగ్లోబిన్ 7 గ్రాముల దగ్గర ఉంది. గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణగండం. మూడు నెలలుగా బిళ్ళలు ఇస్తున్నా ఎందుకు పెరగలేదని అడిగితే సరిగా చెప్పలేదు. అందరి ముందూ గట్టిగా కేకలేశాను. నీ ఒంటి మీద నీకే శ్రద్ధ లేకపోతే మేమేం చేస్తామన్నాను. మర్నాడు నర్సమ్మగారు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. పూరిల్లు. ఆ అమ్మాయి అత్తగారు చూరులో చెయ్యి పెట్టి కాగితం పొట్లాలు బయటికి తీసింది. మూడు నెలల బిళ్ళలు, మూడు పొట్లాలు. దాచుకున్నట్టే ఉన్నాయి తప్ప పారేసినట్టు లేవు.

“వేసుకుంటే కడుపులో తిప్పుతుందమ్మా,” అంది ఆ అమ్మాయి. “అన్నం తిని వేసుకోమన్నారు. రాత్రి తిన్న రోజు వేసుకుంటున్నా.”

తిన్న రోజు! నెలలో అలాంటి రాత్రులు ఎన్నో ఆ పొట్లాల్లో మిగిలిన బిళ్ళలు లెక్కపెడితే తెలిసేది. ఐరన్ బిళ్ళ ఖాళీ కడుపున పడితే చాలామందికి వికారం, మంట, వాంతి. కాస్త తిని వేసుకుంటే తట్టుకుంటారు. వేవిళ్ళు తగ్గీ తగ్గని మనిషికి ఖాళీ కడుపున ఆ బిళ్ళ ఇచ్చి, మింగలేదని తిట్టి పంపించాను. వైద్యానికి, ఆకలికి మధ్య ఉన్న లంకె ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ చూరే గుర్తొస్తుంది. ఆకలిగా ఉన్నవాళ్ళకు మందు కూడా పనిచేయదు. పరీక్షకు రమ్మన్న రోజు కూలి పోతుందని రారు. వచ్చినా రెండు గంటలు వరసలో నిలబడలేక కళ్ళు తిరిగి పడతారు. అలాంటివాళ్ళను మనం శ్రద్ధ లేనివాళ్ళంటాం.

ఆ బిళ్ళకు ఒక చరిత్ర ఉంది. మనవాళ్ళకు తప్పక తెలియాల్సిన చరిత్ర కనుక కొంచెంసేపు అటు వెళ్తాను.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చారు. అక్కడి గర్భిణుల్లో చాలామంది తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఆ మరణాలకు కారణం కనిపెట్టాలని మొదలైన విచారణలో భాగంగా, హాఫ్కిన్ సంస్థలో పనిచేయడానికి ఆమెను పిలిపించారు. అంతుచిక్కని జబ్బు అది. రక్తకణాలు సంఖ్యలో తగ్గేవి, ఉన్నవి మాత్రం మామూలు కంటే పెద్దవిగా ఉబ్బి కనిపించేవి. క్రిమి ఏదైనా ఉందేమోనని వెతికారు, దొరకలేదు. అప్పుడామె ఆ ఆడవాళ్ళు ఏం తింటున్నారో చూశారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద కుటుంబాలు. పళ్ళెంలో కూరగాయలు, పండ్లు, పాలు దాదాపు ఉండేవి కావు. కూనూరు వెళ్ళి అదే తిండి ఎలుకలకు పెట్టి చూశారు. వాటికీ రక్తం తగ్గింది. తిండిలో ఈస్టు కలిపితే ఎలుకలకు రక్తం తగ్గలేదు. ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే చవకైన గుజ్జు ఇస్తే బొంబాయి ఆస్పత్రిలో ఆ తల్లులు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆ గుజ్జులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ‘విల్స్ పదార్థం’ అని మాత్రం పిలిచేవారు.

ఆ కూనూరులోనే అప్పట్లో మెకారిసన్ అనే డాక్టరు స్థాపించిన పోషకాహార పరిశోధనశాల ఉండేది. అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

1941లో అమెరికాలో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని చిటికెడంత వేరు చేయగలిగారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే మాట తీసుకుని ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆకుల నుంచి తీస్తూ కూర్చుంటే లోకానికి సరిపడా మందు ఎప్పటికీ తయారు కాదు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో ఆ పని సాధించిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషిని క్షీణింపజేసే స్ప్రూ జబ్బుతో ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనా దాని బారిన పడి బయటపడ్డారు. ఆ జబ్బుకు కూడా ఈ ఫోలిక్ ఆమ్లమే మందు అయింది.

బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్ళల్లో, కూనూరు ఎలుకల బోనుల్లో, భీమవరం పిల్లవాడి పట్టుదలలో పుట్టిన ఆ పదార్థం ఇనుముతో కలిసి 1970 నుంచి జాతీయ కార్యక్రమంగా గర్భిణులకు అందుతోంది. ఇప్పటి బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. అంత దూరం ప్రయాణించి వచ్చిన బిళ్ళ పల్నాటి పూరింటి చూరులో ఆగిపోయింది. లూసీ విల్స్ బొంబాయిలో అడిగిన ప్రశ్న, నర్సమ్మగారు సబ్‌సెంటర్ బల్ల దగ్గర అడిగిన ప్రశ్న ఒకటే. ఏం తిన్నావని. మధ్యలో ఉన్న మేమందరం జవాబును మాత్రం బిళ్ళగా చేసుకుని, ప్రశ్నను వదిలేశాం.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. మన రాష్ట్రాలు సాధించింది తక్కువేమీ కాదు. 2018–20 లెక్కల ప్రకారం దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది. ఇళ్ళల్లో కాన్పులు దాదాపు పోయాయి. 108 బండి పల్లె గుమ్మంలోకి వస్తోంది. ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు చేత ఉచిత పరీక్ష 2016 నుంచి నడుస్తోంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రక్తస్రావంతో వచ్చిన తల్లిని ఎడ్లబండిలోంచి దించిన సందర్భాలున్నాయి. అక్కడి నుంచి ఇక్కడికి రావడం వెనక ఈ సభలో కూర్చున్న ఏఎన్ఎంల, ఆశా కార్యకర్తల, అంగన్‌వాడీ టీచర్ల, ఆయమ్మల కష్టం ఉంది.

ఇంకో లెక్క కూడా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు 52.2 శాతం. అంతకుముందు సర్వేలో 50.4 ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 53.7, తెలంగాణలో 53.2. అంటే తల్లుల మరణాలు తగ్గించడంలో దేశానికి ఆదర్శంగా నిలబడ్డ రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల రక్తహీనత దేశ సగటు కంటే ఒక పిసరు ఎక్కువే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కాన్పు గదిలో ప్రాణం నిలబెట్టడం నేర్చుకున్నాం. ఆ గదిలోకి వచ్చేముందు తొమ్మిది నెలలు ఆమె గడిపిన వంటింట్లోకి మనం ఇంకా అడుగుపెట్టలేదు. రక్తహీనత మొత్తం తిండి లేకనే అని నేను అనను. నులిపురుగులున్నాయి, కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోవడం ఉంది, రక్తంలో పుట్టుకతో వచ్చే లోపాలున్నాయి. అయినా ముప్పై ఏళ్ళ అనుభవంలో నేను కింది రెప్ప లాగి చూసిన పాలిపోయిన కళ్ళల్లో ఎక్కువ భాగం తిండి సంగతే చెప్పాయి.

ఆకలి అనగానే అన్నం లేకపోవడం అనుకుంటాం. మన ఊళ్ళల్లో ఆకలి ఇప్పుడు అలా ఉండదు. రేషను బియ్యం వస్తున్నాయి. ఎసట్లో బియ్యం పడుతున్నాయి. అన్నంలోకి ఏముందన్నదే ప్రశ్న. కందిపప్పు ధర పెరిగితే పప్పు చారవుతుంది, చారు పలచనవుతుంది, ఆ తర్వాత గొడ్డుకారం, నూనె. ఇవన్నీ అయ్యాక ఉత్త మజ్జిగ నీళ్ళు. కడుపు నిండుతుంది, ఆకలి అనిపించదు. గర్భిణికి మామూలు రోజుల కంటే 350 కేలరీలు అదనంగా కావాలని, ప్రోటీను ఆఖరి మూడు నెలల్లో రోజుకు 22 గ్రాములు అదనంగా కావాలని, ఇనుము రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఇంకో రెండు గరిటెల అన్నంతో కేలరీలు సరిపోవచ్చు. ప్రోటీను, ఇనుము రావు.

ఉన్నదాంట్లో ఎవరికి ఎంత అన్నది ఇంకో సంగతి. మగవాళ్ళు, పిల్లలు, అత్తమామలు తిన్నాక కోడలు తింటుంది. వంటింట్లో పొయ్యి పక్కన, గిన్నె అడుగున గరిటె గీకి, మిగిలిన చారు పోసుకుని. ఆమెను ఎవరూ తినవద్దనరు. కూర అయిపోతుందంతే. ఇంటికి గుడ్లు రెండే వస్తే ఒకటి పెనిమిటికి, ఒకటి పెద్దపిల్లవాడికి. కడుపుతో ఉన్నదని అత్తగారు తన వాటా తీసి కోడలికి పెట్టిన ఇళ్ళూ చూశాను, అలాంటివాళ్ళు తక్కువేం కాదు. పేదరికం ఉన్నచోట ప్రేమ కూడా వాటాలు వేసుకోవాల్సి వస్తుంది.

దీనికి తోడు భయాలు. బిడ్డ లోపల బాగా పెరిగితే కాన్పు కష్టమవుతుందని ఏడో నెల నుంచి తిండి తగ్గించేవాళ్ళున్నారు. ఒకప్పుడు ఊళ్ళో ఆపరేషను లేని కాలంలో, కాన్పు అడ్డం తిరిగితే తల్లి పోయే కాలంలో పుట్టిన భయం అది. వాళ్ళను మూఢులనడం నాకు నచ్చదు. బొప్పాయి వేడి, నువ్వులు వేడి, గుమ్మడి వాతం అని చివరికి ఆమెకు మిగిలేది చారన్నమే. నర్సమ్మగారు ఈ నమ్మకాలతో ఎప్పుడూ వాదించలేదు. బొప్పాయి మానేయ్, మునగాకు తిను అనేవారు. నువ్వులు వద్దంటే, సరే, వేరుశనగ ఉండ తిను అనేవారు. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తట్టేవారు. అయిదో నెలలోనో ఏడో నెలలోనో పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టే రోజు చూసుకుని ఆ ఇంటికి వెళ్ళేవారు. ఆ రోజు గర్భిణిని పీట మీద కూర్చోబెట్టి, అందరి కంటే ముందు ఆమెకే పెడతారు కదా. “ఇవాళ ముందు పెట్టారుగా, కాన్పయ్యేదాకా ఇలాగే పెట్టండి,” అని అత్తగారికి అక్కడే చెప్పేవారు. ముత్తయిదువల మధ్య చెప్పిన మాట గనక అత్తగారు సరేననేది. ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పని ఎత్తు అది.

ఇంకొకటి కూడా ఆమె చూసి నేను చూడనిది. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి గోళ్ళ చివర్లు తెల్లగా ఉంటే చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. బలపం. రక్తం బాగా తగ్గిన గర్భిణుల్లో కొందరికి మట్టి, బలపాలు, పచ్చి బియ్యం, సున్నం తినాలనిపిస్తుంది. బడికి వెళ్ళే ఆడపడుచు పలకల సంచిలో బలపాలు మాయమవుతుంటే ఇంట్లో నవ్వుకుంటారు, వేవిళ్ళని సర్దుకుంటారు. నర్సమ్మగారు నవ్వేవారు కాదు. వెంటనే రక్తం పరీక్షకు పంపేవారు.

ఈ ఆకలి గర్భం రాకముందే మొదలైన కథ. డయాన్ కాఫీ అనే పరిశోధకురాలు 2015లో ప్రచురించిన లెక్కలో, గర్భం ధరించేనాటికే ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్న భారతీయ స్త్రీలు 42 శాతం. సహారా దిగువ ఆఫ్రికాలో అది 16.5 శాతం. సగటున మనకంటే పేద దేశాలవి. గర్భం మొత్తం మీద మన స్త్రీలు పెరిగే బరువు సుమారు 7 కిలోలు. 10 నుంచి 12 కిలోలు పెరగాలి. ఆ లెక్కకు ఆధారం 2005–06 సర్వే; అప్పటికీ ఇప్పటికీ కొంత మెరుగుపడ్డాం. అయినా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆదాయంలో మనకంటే వెనకబడ్డ చోట ఆడపిల్ల మనకంటే బాగా తింటోందంటే, తప్పు పంటలోనే లేదు. పెళ్ళయి అత్తింటికి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్లకు ఆ ఇంట్లో ఉన్న స్థానంలో ఉంది.

గర్భిణికి తిండి పెడితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. ఎక్కడో కాదు, హైదరాబాదు పక్కనే తెలిసింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు నగరానికి దగ్గరున్న 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. 15 ఊళ్ళల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. గర్భిణికి సుమారు 500 కేలరీలు. మిగతా 14 ఊళ్ళకు ఆ కార్యక్రమం అప్పటికి ఇంకా రాలేదు. పుట్టిన పిల్లల బరువులో తేడా కొద్దిపాటిదే కనిపించింది. దాంతో కథ అయిపోయిందనుకోవచ్చు. పదిహేనేళ్ళ తర్వాత, 2003–05లో, పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళారు. 13 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న 1,165 మంది పిల్లలను కొలిచారు. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ ఆ ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు మిగతా ఊళ్ళ పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ముందు ముందు షుగరు, గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని తగ్గించే గుర్తులవి. ఆ ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. రెండో ప్రపంచయుద్ధం చివర హాలెండులో వచ్చిన కరువులో పుట్టిన పిల్లల గురించి ప్రపంచమంతా చదువుకుంటుంది, మేమూ చదువుకున్నాం. మన పల్లెల ఉప్మా గురించి మన వైద్యవిద్యార్థులకు కూడా ఎక్కువమందికి తెలియదు.

ఆ ఉప్మాకు వారసులే అంగన్‌వాడీ భోజనాలు. ఆ పద్ధతి 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమృతహస్తం పేరుతో మొదలైంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి. అన్నం, ఆకుకూర పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, టీచరు ఎదురుగా బిళ్ళ. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంటికి పిండి పొట్లం ఇచ్చి పంపుతుంటే, మనవాళ్ళు గర్భిణిని కూర్చోబెట్టి వడ్డించారు. ఇది ఎంత మంచి ఆలోచనో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఇంటికి పంపిన గుడ్డు ఇల్లంతా పంచుకుంటుంది, కేంద్రంలో పెట్టిన గుడ్డు ఆమె కడుపులోకే వెళ్తుంది. అన్నం తిన్నాక బిళ్ళ వేస్తే వికారం తగ్గుతుంది. చూరులో పొట్లాలకు నిజమైన విరుగుడు అదే.

కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు నాట్లు వేసే మనిషి మడిలో ఉంటుంది. కేంద్రానికి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి తిని వెళ్ళాలంటే సగం కూలి పోతుంది. ఇంట్లో ఉన్న కోడలు వీధిలోకి వెళ్ళి తినడం కొన్ని ఇళ్ళల్లో నామోషీ. కొన్ని ఊళ్ళల్లో ఎవరి వాడలో కేంద్రం ఉందన్నదీ అడ్డమే. కరోనా ఏడు కేంద్రాలు మూతపడితే సరుకులు ఇళ్ళకు పంపారు. తప్పలేదు. ఆ సరుకులు ఎవరు తిన్నారో నర్సమ్మగారి రిజిస్టరు లాంటిది ఉంటే తెలిసేది. నన్ను అడిగితే వడ్డించే పద్ధతే ఉండాలి, వేళ మాత్రం కూలి మనిషికి వీలుగా మారాలి. పొద్దున్నే ఏడు గంటలకు పనికి వెళ్ళేముందు పెడితే? నాట్ల రోజుల్లో గుడ్డు, పాలు మడి గట్టు దాకా వెళ్తే? ఆయమ్మల మీద మరింత బరువు వేయమని కాదు. చేసే పనికి తగ్గ జీతమిచ్చి అడగాలి.

2013 ఆహార భద్రత చట్టం 4వ సెక్షన్ చదవండి. ప్రతి గర్భిణికీ, కాన్పయిన ఆరు నెలల దాకా ప్రతి తల్లికీ ఉచిత భోజనం, 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం. హక్కుగా రాశారు. అమలుకు 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకే పరిమితమైంది, ఇచ్చేది 5,000. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తున్నారు. రెండో బిడ్డ మగపిల్లవాడయితే ఆ తల్లికి ఆకలి వేయదా? 2013 నాటి 6,000కి ఇవాళ విలువెంత? నెలలు నిండిన కూలి మనిషి పనికి వెళ్ళకుండా ఉండగలగాలి, ఆ డబ్బు ఉద్దేశం అదే. ఇప్పుడది రెండు మూడు వారాల కూలికి సరిపోతే గొప్ప.

ఇంతకీ నా విన్నపం చిన్నది. తల్లీబిడ్డల కార్డులో బరువు, బీపీ, రక్తం పక్కన ఒక గడి పెట్టండి. ‘రాత్రి ఏం తిన్నారు?’ నెలకొకసారి. పూటకు తిండి ఉంటుందో లేదోనన్న భయాన్ని కొలవడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎనిమిది ప్రశ్నలు తయారుచేసింది. మనకు ఎనిమిది అక్కర్లేదు, ఒకటి చాలు. అడ్డగీత పడ్డ పేరు అదే రోజు అంగన్‌వాడీ టీచరుకూ, రేషను డీలరుకూ అందాలి. బీపీ పెరిగితే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. రెండు రాత్రులు పస్తున్న గర్భిణి విషయంలోనూ అంతే పరుగు పెట్టాలి.

చివరగా మిరపకోతల సంగతి చెప్పి ముగిస్తాను. జనవరి నుంచి మా మెట్ట ఊళ్ళకు కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళ నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి లారీల్లో జనం దిగుతారు. చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని మూడు నెలలు ఉంటారు. వాళ్ళల్లో గర్భిణులూ ఉంటారు. వాళ్ళ పేర్లు సొంత ఊరి అంగన్‌వాడీలో ఉంటాయి, వాళ్ళు మాత్రం ఇక్కడుంటారు. అక్కడ గుడ్డు మిగిలిపోతుంది, ఇక్కడ పేరు ఉండదు. ఒక సాయంత్రం నేను, నర్సమ్మగారు కల్లాల వెంబడి వెళ్ళాం. ఏడో నెల గర్భిణి ఒకామె మిరపకాయల రాశి పక్కన కూర్చుని దగ్గుతోంది. ఆ ఘాటుకు మా కళ్ళల్లోనూ నీళ్ళు కారుతున్నాయి.

“రాత్రి ఏం తిన్నావమ్మా?”

“రొట్టె, ఊరిబిండి. వండేకి ఓపిక యాడుందక్కా? పొద్దు పొడవకముందే చేనికి పోతిమి, మాపటేళకు వస్తిమి.”

రక్తం చూస్తే 8 గ్రాములు. నర్సమ్మగారు ఆ నెలంతా సబ్‌సెంటరు పక్క అంగన్‌వాడీ నుంచి ఆమెకు గుడ్డు తీసుకెళ్ళారు. లెక్కలో ఎలా రాశారో నేనడగలేదు. మార్చి చివర కోతలైపోయి లారీలు వెనక్కి వెళ్తుంటే, ఆమె ఊరి సబ్‌సెంటరుకు ఒక కార్డు రాశారు. ముఖం ఎరగని తోటి నర్సుకు. ఫలానా అమ్మాయి తొమ్మిదో నెలలో పడింది, రక్తం తక్కువ, ఇన్ని బిళ్ళలు ఇచ్చాను, అన్నం తిన్నాకే వేయించు, వెళ్ళినప్పుడు రాత్రి ఏం తిన్నదో అడుగు అని.

నర్సమ్మగారు పోయాక వాళ్ళ అమ్మాయి నాకు ఆ రిజిస్టరు ఇచ్చింది. అట్టకు లోపలి వైపు, మడతలో, పసుపురంగు పోస్టుకార్డు ఒకటి ఉంది. అటునుంచి వచ్చిన జవాబు. చిన్న చిన్న అక్షరాల్లో నాలుగే వాక్యాలు. ‘సిస్టర్ గారికి నమస్కారం. మీరు రాసిన అమ్మాయికి మా దగ్గరే కాన్పయింది, ఆడబిడ్డ, రెండు కిలోల ఆరువందలు, తల్లి క్షేమం. ఇంటికి పోయి అడిగితిని. రాత్రి పప్పు, అన్నం తిన్నదంట, అందరికంటే ముందే పెట్టినారంట.’